ఒకే ఫొటోలో ఇద్దరు తాతయ్యలు: ఒక బొమ్మ పక్కన, ఒక బొమ్మ మీద మరో బొమ్మను ఎలా ఎక్కించేవారు?

తెనాలి_మనవడు

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంట్లో 1958 ప్రాంతంలో తెనాలిలో తీయించుకున్న ఒక నలుపు తెలుపు ఫొటో ఉంది. అందులో మా తాతయ్య ఇద్దరుగా కనిపిస్తారు. ఎడమవైపు పంచె, కండువాలతో చేతుల కుర్చీలో కూర్చుని దినపత్రిక చదువుతుంటారు. కుడివైపు అదే మనిషి కోటు, టై వేసుకుని నిలబడి, తన వంతు ఎప్పుడు వస్తుందా అన్నట్టు ఆ పత్రిక వైపే చూస్తుంటారు. వెనుక నిలువు మడతలు పడిన గుడ్డ తెర ఒకటి నేల దాకా వేలాడుతోంది. ఫొటో వెడల్పు ఆరున్నర అంగుళాలు, ఎత్తు నాలుగుముప్పావు అంగుళాలు. అట్ట వెనుక స్టూడియో ముద్ర చెరిగిపోయింది.

ఫొటోకు సరిగ్గా నడుమ నిలువుగా, సుమారు పావు అంగుళం వెడల్పున, చుట్టుపక్కల కంటే కొంచెం తెల్లబడిన చార ఉంది. చిత్రమేమిటంటే, పై సగంలో ఆ చార దాదాపు కనిపించదు. కుర్చీ చేయి ఉన్న ఎత్తు నుంచి కిందికి మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. కుర్చీ కుడి చేయి ఆ చారలోకి వచ్చి, అవతలి అంచు దగ్గర ముగుస్తుంది.

ఇది డార్క్‌రూములో రెండు నెగటివులను కలిపి తయారుచేసినదని మా మేనమామ గారు అంటున్నారు. కెమెరాలోనే చేశారని మా నాన్నగారి నమ్మకం. వచ్చే ఏడాది తాతయ్య శతజయంతి. ఆ సందర్భానికి మా అబ్బాయిని అలాగే ఇద్దరుగా నిలబెట్టి, కంప్యూటరులో అతికించకుండా, ఆనాటి పద్ధతిలోనే ఫొటో తీయాలని నా కోరిక. ఇది ఎలా చేశారో తెలిసినవారు వివరంగా చెప్పగలరా?

ఎర్రదీపం

మనవడు గారూ, మీరు ఫొటో కొలతలు రాయడం చాలా మంచిదయింది. ఆరున్నర, నాలుగుముప్పావు అంటే హాఫ్ ప్లేటు కొలత. నెగటివు ఎంతో ప్రింటూ అంతే, అంటే గాజు ప్లేటును బ్రోమైడు కాగితానికి ఆనించి నేరుగా తీసిన కాంటాక్టు ప్రింటు. నేను 1971లో రాజమండ్రిలో ఒక స్టూడియోలో పనికి కుదిరి, తరువాత సొంతంగా ముప్పై ఏళ్లు నడిపాను. మా గురువుగారు ఈ పనిని ‘డబుల్ యాక్షన్’ అనేవారు. సినిమాలో హీరో రెండు వేషాలు వేస్తే వాడే మాటే స్టూడియోలోకీ వచ్చింది.

పద్ధతి ఇది. కెమెరాను బరువైన చెక్క స్టాండు మీద బిగించి, వెనుక ఉన్న గ్రౌండ్‌గ్లాసు (గరుకు గాజు పలక) మీద తలకిందులుగా పడే బొమ్మను నల్లగుడ్డ కప్పుకుని చూసి ఫోకసు చేస్తారు. కుర్చీ, తెర, మనిషి నిలబడవలసిన చోటు అప్పుడే నిర్ణయించి, నేల మీద సుద్దతో గుర్తులు పెడతారు. ఆ తరువాత లెన్సుకు సగం మూత తగిలిస్తారు. మా గురువుగారి సగం మూత బోర్న్‌విటా డబ్బా మూతను కత్తెరతో కోసి, లోపల నల్లరంగు పూసి చేసినది. కుడి సగం మూసి ఉండగా కూర్చున్న మనిషిని తీస్తారు. లెన్సుకు పూర్తి టోపీ పెట్టి, మనిషిని బట్టలు మార్చుకోవడానికి పంపిస్తారు. ఆయన వచ్చి సుద్ద గుర్తు మీద నిలబడ్డాక, సగం మూతను గుండ్రంగా అటు నుంచి ఇటు తిప్పి, ఎడమ సగం మూసి, అదే ప్లేటు మీద రెండోసారి తీస్తారు. ఈ రెండింటికీ నడుమ ప్లేటు హోల్డరు పలకను కూడా మూయనిచ్చేవారు కాదు, ఎందుకంటే ఆ పలకను తోసే తోపుకు కెమెరా వెంట్రుకవాసి జరిగినా కుర్చీ విరిగినట్టు కనిపిస్తుంది. బయటికి వెళ్లిన పెద్దమనిషి టై ముడి వేసుకోవడానికి పావుగంట తీసుకుంటే, ఆ పావుగంటా కెమెరా దగ్గరికి పిల్లిని కూడా రానివ్వకుండా కాపలా కాయడం నా ఉద్యోగం.

చార సంగతి. ఆ మూతలో తెరిచి ఉంచిన భాగం కచ్చితంగా సగమైతే అతుకు కనిపించదు. సగానికి మించితే నడుమ భాగానికి రెండుసార్లూ వెలుగు తగులుతుంది. ఆ మేరకు నెగటివు నల్లబడి, ప్రింటులో తెల్ల చార వస్తుంది. సగానికి తక్కువైతే నడుమ భాగానికి చాలినంత వెలుగు అందక నల్ల చార వస్తుంది. మీది తెల్ల చార కనుక, మూతను కోసినవారి కత్తెర కొంచెం ముందుకు పోయిందని నా అభిప్రాయం.

విశాఖ_చదువరి

ఎర్రదీపం గారి అనుభవం మీద గౌరవం ఉంచుకుంటూనే ఒక సందేహం చెబుతాను. రెండు నెగటివులను ఒకే కాగితం మీద ముద్రించడం కొత్త విద్య కాదు. ఇంగ్లండులో ఆస్కార్ రైలాండర్ 1857లోనే 30కి పైగా నెగటివులను ఒక్కొక్కటిగా ముద్రించి, అన్నీ కలిసిన ఒకే పెద్ద చిత్రాన్ని తయారుచేశాడు. తన వంతు వచ్చేదాకా ప్రతి భాగాన్నీ కప్పి ఉంచి, ఒక్కో భాగానికే వెలుగు చూపించే పద్ధతి అది. నూరేళ్ల తరువాత తెనాలి స్టూడియోలో ఆ పని చేయలేరని ఎందుకు అనుకోవాలి? కాంటాక్టు ప్రింటులో కూడా ఒక ప్లేటు పెట్టి సగం కాగితం కప్పి, తరువాత రెండో ప్లేటు పెట్టి మిగతా సగం ముద్రించవచ్చు. మీరు చెప్పిన చార ఆ రెండు సగాల నడుమ సరిగా కలవని సందు కావచ్చు కదా?

హైపో_వాసన

ఇక్కడ ఇద్దరి వాదాన్నీ పరీక్షించే మార్గం ఒకటి ఉంది. నేను మద్రాసులో సినిమా లాబొరేటరీలో పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ని. మాకు మొదటి వారంలోనే నేర్పిన పాఠం ఇది: కెమెరాలో వెలుగు మీద వెలుగు పడితే చివరికి తెలుపు పెరుగుతుంది, ప్రింటు కాగితం మీద వెలుగు మీద వెలుగు పడితే నలుపు పెరుగుతుంది. కాబట్టి రెండు బొమ్మలు ఒకదాని అంచు మీద మరొకటి ఎక్కితే, కెమెరాలో చేసిన పనిలో తెల్ల చార, కాగితం మీద చేసిన పనిలో నల్ల చార వస్తాయి. నడుమ సందు మిగిలితే దీనికి సరిగ్గా తలకిందులు: కెమెరాలో నల్ల చార, కాగితం మీద తెల్ల చార.

అంటే మనవడు గారి తెల్ల చారకు రెండే అర్థాలు మిగిలాయి. కెమెరాలో అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండాలి, లేదా కాగితం మీద సందు మిగిలి ఉండాలి. ఈ రెండింటినీ భూతద్దంతో విడదీయవచ్చు. అంచులు ఎక్కి ఉంటే ఆ చారలో రెండు బొమ్మలూ ఉంటాయి. రెండు ఎక్స్‌పోజర్లకు (వెలుగు చూపిన రెండుసార్లకు) నడుమ తెర కొంచెం కదిలినా, మడతలు జంట గీతలుగా కనిపిస్తాయి. పైగా అక్కడి నీడలకు అదనపు వెలుగు అంది ఉంటుంది కనుక, మిగతా చోట్ల నలుపులో కలిసిపోయిన నేత, చెక్కడం వంటివి ఆ చారలో మాత్రం బయటపడతాయి. సందు అయితే అలా కాదు. అక్కడ ఉన్న బొమ్మే వెలిసిపోయినట్టు ఉంటుంది, కొత్త వివరం ఏదీ కనిపించదు.

మనవడు గారూ, పగటి వెలుగులో, కిటికీ దగ్గర, భూతద్దం పెట్టి చార కింది సగాన్ని చూసి చెప్పండి.

తెనాలి_మనవడు

హైపో_వాసన గారు చెప్పినట్టే ఈ ఉదయం మా నాన్నగారి రాళ్ల భూతద్దంతో చూశాను (ఆయన ఒకప్పుడు నగల దుకాణంలో పనిచేశారు). చార వెలుపల తెర మడతలు మూడు, ఒక్కొక్కటీ ఒంటి గీతే. చార లోపలికి వచ్చేసరికి ఒక మడత స్పష్టంగా జంట గీతలుగా విడిపోయి ఉంది. ఆ రెండు గీతల నడుమ దూరం దారపు పోగంత. ఇక కుర్చీ చేతి కింది భాగం బొమ్మంతటా నల్లని ముద్దలా ఉంటుంది. చారలోకి వచ్చిన బెత్తెడు భాగంలో మాత్రం చెక్క మీద చెక్కిన లత కనిపిస్తోంది. అరవై ఏళ్లుగా గోడ మీద ఉన్న ఫొటోలో ఆ లతను మా ఇంట్లో ఎవరూ చూడలేదు.

నీడల గురించి కూడా ఒక మాట. నిలబడ్డ తాతయ్య నీడ తెర మీద పడింది గాని, కుర్చీ మీద పడలేదు. దీపం కుడివైపు నుంచి వచ్చింది కనుక పడాలి కదా అని మా అబ్బాయి అడిగాడు.

ఎర్రదీపం

బెత్తెడు అంటే బొమ్మలో కాదు, అసలు కుర్చీ మీద అని అర్థం చేసుకున్నాను. మీ అబ్బాయి మంచి ప్రశ్న వేశాడు. కుర్చీని తీసినప్పుడు కోటు మనిషి అక్కడ లేడు, నీడ ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే మేము డబుల్ యాక్షన్ ఫొటోలకు దీపాన్ని పక్క నుంచి కాకుండా ఎదురుగా, ఎత్తున పెట్టేవాళ్లం. నీడలు వెనక్కి, నేలకు పోతాయి. ఒక సగం నీడ మరో సగంలోకి రాదు. మీ తాతగారి ఫొటో తీసినాయన ఆ జాగ్రత్త పడలేదు గాని, మనిషిని కుర్చీకి దూరంగా నిలబెట్టి కొంత సర్దుకున్నారు.

విశాఖ_చదువరి

జంట మడతతో నా వాదం వీగిపోయిందని ఒప్పుకుంటున్నాను. కానీ చార పై సగంలో ఎందుకు లేదన్న ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు. మూత అంచు తిన్నగా ఉంటే చార కూడా పై నుంచి కింది దాకా ఒకే తీరుగా ఉండాలి.

హైపో_వాసన

ఆ ప్రశ్నకు నెగటివు దొరికితే తప్ప సమాధానం చెప్పలేము. మూత వంకరగా కోసి ఉండవచ్చు; అయితే అప్పుడు చార పై నుంచి కిందికి క్రమంగా వెడల్పు కావాలి గాని, కుర్చీ చేతి దగ్గర ఒక్కసారిగా మొదలు కాకూడదు.

ఈలోగా, సినిమాలో ఇదే పనిని ఎలా చేసేవారో చెబుతాను, ఎందుకంటే మూల సూత్రం ఒకటే అయినా కష్టం వేరు. ఫ్రాన్సులో జార్జ్ మెలియెస్ 1900లోనే ఒక చిన్న చిత్రంలో తానే ఏడుగురు వాద్యగాళ్లుగా ఒకే వేదిక మీద కనిపించాడు. అంటే ఒకే ఫిల్ము ఏడుసార్లు కెమెరా గుండా నడిచింది. వెనుక నల్ల తెర ఉంటే మాస్కు (సగం మూతలాంటి అడ్డు) కూడా అక్కర లేదు, ఎందుకంటే నలుపు నుంచి వెలుగు రాదు కనుక ఫిల్ము మీద ఆ చోటు ముట్టుకోనట్టే మిగులుతుంది, తరువాతి మనిషి వచ్చి అక్కడ కూర్చోవచ్చు.

మన స్టూడియోల్లో ఇద్దరు కథానాయకుల సన్నివేశానికి కెమెరా ముందున్న మ్యాట్ బాక్సులో (లెన్సు ముందు పలకలు పెట్టే చట్రంలో) సగం పలక పెట్టి, ఎడమ సగం తీసి, లెన్సు మూసి, ఫ్రేముల లెక్క చూసుకుంటూ ఫిల్మును సరిగ్గా మొదటికి వెనక్కి తిప్పి, పలక మార్చి కుడి సగం తీసేవారు. స్టూడియో కెమెరాలోని పిన్ను ప్రతి ఫ్రేమునూ దాని రంధ్రాల దగ్గర పట్టి ఉంచుతుంది కనుకనే రెండోసారి కూడా ఫ్రేము అదే చోట కూర్చుంటుంది. అది లేని కెమెరాతో తీస్తే రెండు సగాలూ ఒకదాని పక్కన మరొకటి వేర్వేరుగా వణుకుతాయి. స్టిల్ ఫొటోలో లేని ఈ వణుకే సినిమాలో అసలు శత్రువు. 1964 నాటి ‘రాముడు భీముడు’ వంటి ద్విపాత్రాభినయ చిత్రాలను ఇప్పుడు పెద్ద తెర మీద చూసేవారు, ఇద్దరూ కలిసి ఉన్న షాట్లలో కెమెరా కదులుతుందా అని గమనిస్తే, ఆనాటి పనిలో ఉన్న నిర్బంధం అర్థమవుతుంది. నటుడికి కూడా నిర్బంధమే: గీత దాటితే చెయ్యి మాయమవుతుంది, లేని మనిషి కళ్లు ఏ ఎత్తున ఉంటాయో ఊహించి చూడాలి, ఎదుటివాడి మాటకు పట్టే సమయాన్ని ఎవరో పక్కన అంకెలు లెక్కపెడుతుంటే ఆగాలి.

అన్నిటికంటే భయంకరమైనది డెవలప్ చేయకుండా ఉన్న మొదటి సగం. రెండో సగంలో వోల్టేజి పడిపోయి దీపాలు మందగించినా, మొదటి సగంలో నటుడు ఎంత గొప్పగా చేసినా, రెండూ కలిసే పోతాయి. అందుకే తరువాత ఈ పని ఆప్టికల్ ప్రింటరుకు మారింది. అందులో ఒక వైపు ప్రొజెక్టరు, ఎదురుగా కెమెరా. ముందే తీసి, కడిగి, చూసి ఒప్పుకున్న రెండు ఫిల్ములను మాస్కులతో మూడో ఫిల్ము మీదికి ఎక్కిస్తారు. నష్టం ఏమిటంటే, నకలుకు నకలు తీసినప్పుడల్లా గింజ (బొమ్మలో కనిపించే చుక్కల గరుకు) పెరుగుతుంది. ఒక సన్నివేశం కరిగి మరో సన్నివేశంలోకి మారే డిజాల్వుకు రెండు సెకన్లు, అంటే 48 ఫ్రేములు చాలు. అయినా షాట్ నడుమ తేడా తెలియకూడదని ఆ షాట్ మొత్తాన్ని ఆప్టికల్‌గా చేసినప్పుడు, షాట్ మొదటి ఫ్రేము నుంచే బొమ్మ కొంచెం మసకబారి, గింజ దేరి కనిపించేది. థియేటర్లో నా పక్కన కూర్చున్నవారికి ‘ఇప్పుడు డిజాల్వు వస్తుంది చూడండి’ అని ముందే చెప్పి, మా ఆవిడ చేత తిట్లు తిన్న సందర్భాలు ఉన్నాయి.

పాతకాగితం

ఈ విద్యను మోసానికి వాడిన చరిత్ర కూడా ఇక్కడ చెప్పదగినదే. అమెరికాలో విలియం మమ్లర్ అనే ఫొటోగ్రాఫరు 1860లలో, కూర్చున్నవారి వెనుక చనిపోయిన బంధువుల ఆత్మలు మసకగా కనిపించే ఫొటోలు అమ్మాడు. అబ్రహాం లింకన్ భార్య కూడా అతని దగ్గర అలాంటి ఫొటో తీయించుకున్నారు. ఆమె భుజాల మీద చేతులు వేసి నిలబడ్డ లింకన్ నీడ అందులో ఉంటుంది. 1869లో న్యూయార్కులో అతని మీద మోసం కేసు విచారణకు వచ్చింది. ఇలాంటి ఆత్మను ఎన్ని రకాలుగా తయారుచేయవచ్చో ఇతర ఫొటోగ్రాఫర్లు న్యాయస్థానంలో వివరించారు. అయినా అతను ఏ పద్ధతి వాడాడో ప్రాసిక్యూషన్ నిరూపించలేకపోయింది కనుక న్యాయమూర్తి వదిలిపెట్టారు.

మన ఊళ్ల స్టూడియోల్లో, చనిపోయిన తండ్రి పాసుపోర్టు ఫొటోను కొడుకు పెళ్లి ఫొటోలో నిలబెట్టమని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ మోసం లేదు, ఎవరూ ఎవరినీ నమ్మించడం లేదు. అయితే అలాంటి ఫొటోలలో ముఖం మీది వెలుగు దిక్కు పక్కవారితో కలవకపోవడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. ఆ పని చేసేవారు కనీసం ముఖాన్ని అద్దంలో బొమ్మలా తిప్పి అయినా వెలుగు దిక్కును కలిపితే బాగుంటుంది.

ఎర్రదీపం

తిప్పితే పాపిడి మారిపోతుందండీ. వితంతువు మొదట చూసేది అదే. నేను ఒకసారి తిప్పి, రెండోసారి ఎప్పుడూ తిప్పలేదు.

తెనాలి_మనవడు

నా ప్రయత్నం గురించి రెండు సందేహాలు. నా దగ్గర ఉన్నది డిజిటల్ కెమెరా. అందులో ఒకే ఫైలులో రెండు ఎక్స్‌పోజర్లు కలిపే ‘మల్టిపుల్ ఎక్స్‌పోజర్’ సదుపాయం ఉంది. లెన్సు ముందు అట్ట మాస్కు పెట్టి, ఆ సదుపాయంతో తీయాలని అనుకుంటున్నాను. మొదటిది, డబుల్ ఎక్స్‌పోజరుకు ప్రతిసారీ వెలుగును సగానికి తగ్గించాలని చదివాను. ఇక్కడ కూడా తగ్గించాలా? రెండోది, కెమెరా మెనూలో కలపడానికి ‘కూడిక’, ‘సగటు’, ‘ప్రకాశవంతం’, ‘చీకటి’ అనే అర్థమిచ్చే నాలుగు మార్గాలు ఉన్నాయి. వాటి తేడా ఏమిటి?

పొరలపని

నేను హైదరాబాదులో ఒక విజువల్ ఎఫెక్ట్స్ సంస్థలో కంపోజిటింగ్ చేస్తాను, అంటే పగలంతా ఒక బొమ్మ మీద మరో బొమ్మను పేర్చడమే నా పని.

మీ మొదటి సందేహానికి సమాధానం: తగ్గించనక్కర లేదు. సగానికి తగ్గించాలన్న నియమం రెండు బొమ్మలూ మొత్తం ఫ్రేము మీద ఒకదాని మీద ఒకటి పడినప్పటిది. ఒక ముఖంలో చెట్టు కనిపించే తరహా ఫొటోలకు అది వర్తిస్తుంది. మాస్కు ఉన్నప్పుడు ఫ్రేములో ప్రతి చోటికీ ఒక్కసారే వెలుగు అందుతుంది కనుక, మామూలు ఫొటోకు ఎంతో రెండుసార్లూ అంతే ఇవ్వాలి.

రెండో సందేహం అసలు విషయానికి సంబంధించినది. పొరలు పేర్చడానికి మా సాఫ్ట్‌వేరులో పదుల కొద్దీ పద్ధతులు ఉన్నా, వాటిలో ముఖ్యమైనవి పాత చీకటిగది పనులకు లెక్కల రూపాలే. రెండు స్లైడులను ఒకదాని మీద ఒకటి పెట్టి దీపానికి ఎదురుగా చూస్తే, ఒకదాని గుండా వచ్చిన వెలుగులో మరొకటి కొంత ఆపేస్తుంది. సాఫ్ట్‌వేరులో దానినే ‘మల్టిప్లై’ అంటారు. ఎప్పుడూ చీకటి పెంచుతుంది. రెండు ప్రొజెక్టర్లను ఒకే తెర మీదికి తిప్పితే వెలుగులు కలుస్తాయి; అది కూడిక. ఒక పొర ఏ చోట ఎంత కప్పుతుందో చెప్పే అంకెను ఆల్ఫా అంటారు. ఆ అంకెతో పై పొరను హెచ్చించి, ఒకటిలోంచి ఆ అంకెను తీసివేయగా మిగిలినదానితో కింది పొరను హెచ్చించి, రెండింటినీ కలుపుతాము. ఈ లెక్కలను థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో ఒక పరిశోధన పత్రంలో క్రమబద్ధంగా రాశారు. ఫొటోషాపులో పొరలు 1994లో, మూడో వెర్షనుతో వచ్చాయి. అంతకు ముందు అతికించినది అతికించినట్టే, మళ్లీ విడదీయలేము. మీ తాతగారి ఫొటోకు వాడిన మూత చేసిన పని కూడా ఆల్ఫా పనే. మూత లెన్సుకు దగ్గరగా ఉండి ఫోకసులో లేదు కనుక దాని అంచు కత్తితో కోసినట్టు కాక, ఒకటి నుంచి సున్నాకు మెల్లగా దిగే వాలులా పడుతుంది. ఎడమ వాలు, కుడి వాలు కలిస్తే ప్రతి చోటా మొత్తం ఒకటి కావాలి.

ఒక చిన్న హెచ్చరిక. ఫైలులోని అంకెలు వెలుగు కొలతలు కావు. 255 గరిష్ఠమైతే 128 అంటే సగం వెలుగు అనుకుంటాము. నిజానికి అది గరిష్ఠ వెలుగులో 22 శాతం కూడా కాదు. అలాంటి బూడిదరంగును ఫిల్ము మీద రెండుసార్లు తీస్తే వెలుగు రెట్టింపై, అది ఫైలులో సుమారు 176 దగ్గరికి చేరుతుంది. అంకెలను నేరుగా కూడితే మాత్రం 256, అంటే పూర్తి తెలుపు. కంప్యూటరులో చేసిన డబుల్ ఎక్స్‌పోజర్లు పాతవాటిలా అనిపించకపోవడానికి చాలాసార్లు ఈ లెక్కే కారణం. వెలుగును వెలుగుగా కూడే అమరికలో పనిచేస్తే ఆ కృత్రిమత్వం పోతుంది.

తెనాలి_మనవడు

ముందుగా ఒక సంతోషకరమైన సంగతి. బాపట్లలో ఉన్న మా పెద్దత్తయ్య గారి అటక మీద, బిస్కెట్టు డబ్బాలో, పాత కాగితాల మధ్య ఈ ఫొటో గాజు ప్లేటు దొరికింది. ఒకే ప్లేటు, అందులో ఇద్దరు తాతయ్యలు. నడుమ చార ప్లేటు మీద చుట్టుపక్కల కంటే నల్లగా ఉంది. ఎర్రదీపం గారి మాటే నిజమైంది. మేనమామ గారికి ఫోనులో చెప్పాము, ఆయన ఇంకా మాట్లాడటం లేదు.

పై సగం సంగతి ఇది: కిటికీకి ఎదురుగా ఏటవాలుగా పట్టుకుని చూస్తే, చార పై సగం ఉన్న చోట, బొమ్మ పడే మందు పూసిన వైపు సన్నని గీతలు వందల కొద్దీ ఉన్నాయి. అన్నీ నిలువు గీతలే. కుర్చీ చేతి దగ్గర అవి ఆగిపోయాయి.

ఎర్రదీపం

ఆ గీతలు రీటచింగు కత్తివి. నెగటివులో ఏదైనా చోటు ఎక్కువ నల్లగా ఉంటే, పదునైన కత్తి మొనతో ఆ మందు పొరను రోమాల మందాన గీరి పలచబరుస్తాము; ప్రింటులో ఆ చోటు నల్లబడుతుంది. దీనికి తలకిందులు పెన్సిలు పని: నెగటివు మీద పెన్సిలు పెడితే ప్రింటులో తెల్లబడుతుంది. ముఖం మీది ముడతలు, మచ్చలు పోగొట్టేది పెన్సిలుతోనే. పెన్సిలు తప్పు పోతే తుడవవచ్చు. కత్తి తప్పు పోతే ప్లేటు పోయినట్టే.

ఆయన పై సగంలో ధైర్యం చేశారు, ఎందుకంటే అక్కడ ఉన్నది తెర. నిలువు మడతల్లో నిలువు గీతలు కలిసిపోతాయి. కింద కుర్చీ చేయి అడ్డంగా వస్తుంది, నునుపైన చెక్క. దాని మీద నిలువుగా గీరితే ప్రతి గీతా తెలుస్తుంది. చేతిని వదిలి దాని కింది తెరను మాత్రం గీరితే చార మధ్యలో తెగి, చూసేవారి కన్ను నేరుగా అక్కడికే పోతుంది. అందుకే చేతి నుంచి కిందికి ముట్టుకోలేదు. నేనయినా అక్కడే ఆగేవాణ్ని. ఆయన పేరు తెలియకపోయినా ఆయన చెయ్యి ఎలాంటిదో ఆ గీతల్లో ఉంది. ప్లేటును ఎవరినీ తడిగుడ్డతో తుడవనివ్వకండి. అంచులు పట్టుకోండి, మందు వైపు వేలు తగలకూడదు.

విశాఖ_చదువరి

నా ప్రశ్నకు ఇంత సంతృప్తికరమైన సమాధానం వస్తుందని అనుకోలేదు. ధన్యవాదాలు.

తెనాలి_మనవడు

ఆదివారం మా అబ్బాయితో ప్రయత్నించాను. నల్ల అట్టను లెన్సు హుడ్డుకు తగిలేలా గుండ్రంగా కోసి, అందులో సగం తెరిచాను. అపర్చరు (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 4, ముక్కాలి స్టాండు, ఎదురుగా ఎత్తున ఒకే దీపం. మెనూలో ‘ప్రకాశవంతం’ ఎంచుకున్నాను, ఎందుకంటే మూసిన సగం నల్లగా ఉంటుంది కనుక కెమెరా రెండింటిలో వెలుగున్నదాన్నే తీసుకుంటుందని అనుకున్నాను.

రెండు సగాలూ బాగా వచ్చాయి గాని, నడుమ నల్ల చార వచ్చింది. ఎర్రదీపం గారు చెప్పినట్టు తెరిచిన భాగం సగానికి తక్కువై ఉంటుందనుకుని అట్టను కొంచెం కోశాను. చార సన్నబడింది గాని పోలేదు. మళ్లీ కోశాను. ఇప్పటికి మా అబ్బాయి ఆరుసార్లు చొక్కా మార్చాడు. అట్టను ఇంకా కోయాలా?

పొరలపని

ఆగండి, కోయకండి. తప్పు అట్టది కాదు. సరిగ్గా నడుమ, వాలు మధ్యలో, మొదటి ఫొటోకు సగం వెలుగు, రెండో ఫొటోకు సగం వెలుగు అందుతాయి. ఫిల్ము అయితే ఆ రెండు సగాలనూ కూడి ఒకటి చేసేది. ‘ప్రకాశవంతం’ అనే మార్గం కూడదు. రెండింటిలో పెద్దదాన్ని ఉంచి రెండోదాన్ని పారేస్తుంది. రెండూ సగమే అయినప్పుడు మిగిలేదీ సగమే. అందువల్ల అట్ట కచ్చితంగా సగం ఉన్నా మీకు నల్ల చార వచ్చి తీరుతుంది. ‘సగటు’ ఎంచుకుంటే అతుకు కుదురుతుంది గాని ఫొటో మొత్తం ఒక మెట్టు (అంటే వెలుగు సగమై) చీకటి అవుతుంది. మీకు కావలసింది ‘కూడిక’.

ఎర్రదీపం

నా రోజుల్లో ప్లేటుకు ఒక్క మార్గమే తెలుసు కనుక ఈ చిక్కు మాకు రాలేదు. కూడికకు మార్చాక అతుకు ఇంకా గట్టిగా కనిపిస్తే, కత్తెర తీయకముందు అపర్చరును ఒక మెట్టు తెరిచి చూడండి. అపర్చరు పెద్దదైన కొద్దీ మూత అంచు మెత్తబడి, చిన్న చిన్న తప్పులు వెడల్పున పరుచుకుని పలచనవుతాయి. అట్టను మాత్రం ఒకసారి కోశాక తిరిగి పెంచలేము.

తెనాలి_మనవడు

కూడికకు మార్చి ఈ సాయంత్రం ఏడోసారి తీశాము. నల్ల చార పోయింది. కానీ నేను అప్పటికే రెండుసార్లు అనవసరంగా అట్ట కోసి ఉన్నాను కనుక, ఇప్పుడు నడుమ పావు అంగుళం తెల్ల చార వచ్చింది. అపర్చరు తెరిస్తే పోతుందేమో గాని, మా నాన్నగారు ఆ ఫొటోను, గోడ మీది ఫొటోను పక్కపక్కన పెట్టి చూసి, ఇక ముట్టుకోవద్దన్నారు. హాఫ్ ప్లేటు కొలతలోనే ప్రింటు వేయిస్తున్నాను.